గేమ్ తరహా ఫాంటసీలో శక్తులు, లెవెల్స్ ఎలా పెట్టుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీ సీరియల్లో హీరో బీటెక్ కుర్రాడు. యాక్సిడెంట్ అయి కళ్ళు తెరిచేసరికి ఒక గేమ్ లోకంలో ఉంటాడు. ఆ లోకానికి మీరు 14 మూలశక్తులు, 9 ర్యాంకులు, ఒక్కో ర్యాంకులో 10 లెవెల్స్, రెండు వందలకు పైగా స్కిల్స్ రాసిపెట్టుకున్నారు. 40 భాగాలు వచ్చేశాయి. మొదట్లో ఎగబడి చదివినవాళ్ళే ఇప్పుడు "ఎలాగూ గెలుస్తాడుగా" అని కామెంట్ పెట్టి వెళ్ళిపోతున్నారు. కొత్త ర్యాంకులు కలపాలా, విలన్ లెవెల్ పెంచాలా, మొత్తం సిస్టమే మార్చేయాలా అని అడుగుతున్నారు.

మూడూ వద్దు. గొడవ మొదలయ్యే ముందు హీరో చేతిలో ఏమేం ఉన్నాయో, ఏది వాడితే ఏం పోతుందో పాఠకుడు తనంతట తాను లెక్క కట్టుకోగలగాలి. అది కుదిరితే మూడు శక్తులతోనే ఎన్ని భాగాలైనా నడుస్తాయి. కుదరకపోతే 14 కాదు, 140 పెట్టినా ఇదే కామెంట్ వస్తుంది.

నేను ఈ తరహా సీరియల్స్ చాలా కాలంగా రాస్తున్నాను, వేరేవాళ్ళ డ్రాఫ్టులు కూడా చూసిపెడుతుంటాను. దానికి ముందు నుంచే స్నేహితుల్ని టేబుల్ చుట్టూ కూర్చోబెట్టి, పాచికలు వేస్తూ తలా ఒక పాత్రగా కథ నడిపే డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) అనే ఆట ఆడించే పిచ్చి ఉంది. ఈ రెండు పనుల మధ్య తేడా తెలియకపోవడం వల్లే ఎక్కువ సీరియల్స్ మీరు చెప్పిన చోట ఆగిపోతాయి. గేమ్‌లో బటన్ నొక్కేది ఆడేవాడు. వందసార్లు అదే రాక్షసుణ్ణి కొట్టినా విసుగు రాదు, ఎందుకంటే కష్టం తనది, గెలిస్తే వచ్చే సంతోషమూ తనదే. కథలో పాఠకుడి చేతిలో బటన్ లేదు. హీరో వంద రాక్షసుల్ని చంపి లెవెల్ పెంచుకుంటే, అది ఎవరో ఆడుతుంటే పక్కన కూర్చుని చూడటమే. పాఠకుడికి మనం ఇవ్వగలిగిన ఆట ఒక్కటే, హీరో కంటే అర నిమిషం ముందు ఆలోచించడం.

ఇలా చూడండి. మీ హీరో దగ్గర 12 పాయింట్ల మానా, అంటే మంత్రాలు వేయడానికి ఖర్చయ్యే శక్తి, మిగిలింది. ఇనుప తలుపు తెరవాలంటే 10 కావాలి. తమ్ముడి కడుపులో గాయం మూయాలంటే 8 కావాలి. వెనక నుంచి అడుగుల చప్పుడు వినిపిస్తోంది. ఇక్కడ మీరు ఒక్క విశేషణం కూడా వాడక్కర్లేదు. చదివేవాడు అప్పటికే కూడికలు, తీసివేతలు మొదలుపెట్టేశాడు. తలుపు తీస్తే 2 మిగులుతుంది, గాయం మూస్తే 4 మిగులుతుంది, రెండూ మాత్రం కుదరవు. నెలాఖరున పర్సులో మిగిలిన డబ్బుతో గ్యాస్ తీసుకోవాలా, మందులు కొనాలా అన్నట్టే ఇదీ. అదే మానా 12,400 అనీ, తలుపుకి 10 అనీ రాసి ఉంటే ఈ సీనే లేదు.

మనకి దీనికి ఉదాహరణ కోసం జపాన్ గేమ్స్ దాకా వెళ్ళక్కర్లేదు. కర్ణుడి దగ్గరున్న ఇంద్రుడి శక్తి ఆయుధం చూడండి. దానికి ధర ముందే కట్టాడు, ఒంటితో పుట్టిన కవచకుండలాలు కోసి ఇచ్చి తెచ్చుకున్నాడు. ఒక్కసారే పనిచేస్తుంది. అర్జునుడి కోసమే దాచుకున్నాడు. ఇవన్నీ వినేవాడికి యుద్ధం మొదలవకముందే తెలుసు. 14వ రోజు పొద్దు గుంకినా యుద్ధం ఆగదు, ఘటోత్కచుడు కౌరవ సైన్యాన్ని చీల్చి చెండాడుతుంటాడు, వాడి మీద ఆ శక్తి వదలమని అందరూ కర్ణుడి మీద పడతారు. వదలకపోతే ఈ రాత్రి గడవదు, వదిలితే అర్జునుడి మీదకి ఇక ఏమీ లేదు. వదులుతాడు. కొడుకు పోయి పాండవులు ఏడుస్తుంటే కృష్ణుడు మాత్రం సంబరపడతాడు. ఆయన వేసిన లెక్కే వినేవాడూ వేసుకుని ఉంటాడు కాబట్టి ఆ సంబరం ఎందుకో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ ఆయుధం డ్యామేజ్ ఎంత అని ఇన్ని వందల ఏళ్ళలో ఎవరైనా అడిగారా?

గేమ్స్‌లో ఇదే పని చేసే పాత పద్ధతి ఒకటుంది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో వచ్చింది, గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తయారుచేశారు. అందులో మాంత్రికుడికి మానా లాంటిదేమీ లేదు. రోజుకి ఇన్నిసార్లు అని గళ్ళు ఉంటాయి. 2014లో వచ్చిన ఐదో ఎడిషన్ తీసుకుంటే, 5వ లెవెల్ విజార్డుకి మొదటి తరగతి గళ్ళు 4, రెండో తరగతివి 3, మూడో తరగతివి 2. ఫైర్‌బాల్ మూడో తరగతి మంత్రం. అంటే మళ్ళీ విశ్రాంతి తీసుకునేదాకా అలాంటివి రెండే. పైగా అది పేలితే 20 అడుగుల వ్యాసార్థంలో ఉన్న ప్రతివాడికీ తగులుతుంది, మనవాడా పరాయివాడా అని చూడదు. నా టేబుల్ దగ్గర మంచి సీన్లన్నీ ఈ రెండో నిబంధన వల్లే పుట్టాయి. శత్రువులు గుంపుగా దొరికారు, కానీ మధ్యలో మన కత్తివాడు ఇరుక్కున్నాడు. వేద్దామా వద్దా అని టేబుల్ చుట్టూ ఉన్నవాళ్ళు గొంతులు పెంచి అరుచుకుంటారు. మీ సీరియల్లో కామెంట్లు అలా ఉండాలి.

శక్తి ఏం చేస్తుందో ఒక వాక్యంలో రాయండి. ఏం చేయలేదో మూడు వాక్యాల్లో రాయండి. మీరు పంపిన స్కిల్స్ పట్టికలో అన్నీ మొదటి రకమే. "శత్రువుని దహిస్తుంది", "గాయాన్ని మాన్పుతుంది", "వేగాన్ని పెంచుతుంది". ఎంత దూరం నుంచి? వానలో పనిచేస్తుందా? మాట్లాడకుండా వేయొచ్చా? వేశాక ఒళ్ళు ఏమవుతుంది? సీన్ పుట్టేది ఈ ప్రశ్నల దగ్గరే.

నా సొంత సీరియల్ ఒకదాని సంగతి చెప్తాను. హీరోయిన్ నేతపని అమ్మాయి. ఆ లోకంలో మంత్రం బట్టలో ఉంటుంది. ఇక్కత్ ఎలా నేస్తారో చూసినవాళ్ళకి తెలుసు. నూలుని ముందే లెక్క ప్రకారం కట్టి, రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు ఎక్కదు. ఆ కట్లు విప్పి, మళ్ళీ వేరే చోట కట్టి, ఇంకో రంగు. ఇదంతా అయ్యాకే నూలు మగ్గం ఎక్కుతుంది. మగ్గం ఎక్కాక పువ్వుని ఏనుగుగా మార్చలేరు, డిజైన్ ఎప్పుడో నూలులోనే ఖాయమైపోయింది. నేను ఆ పనిని ఉన్నదున్నట్టు తీసుకున్నాను. హీరోయిన్ ఏ మంత్రం కావాలో వారాల ముందే నిర్ణయించుకుని కట్టుకోవాలి. యుద్ధంలో కొత్తది పుట్టదు. పొద్దున్నే విజార్డు మంత్రాలు సిద్ధం చేసుకునే డీ అండ్ డీ నిబంధనే ఇది, కాకపోతే మన ఊళ్ళలో కనపడే పనిలోంచి వచ్చింది కాబట్టి ఎవరికీ వివరించాల్సిన అవసరం రాలేదు.

దానికి ఇంకొకటి కలిపాను. మంత్రం వాడిన చోట బట్టలో రంగు పోయి తెల్లబడుతుంది. అంతే, మానా మీటర్ దానంతట అదే వచ్చేసింది. కొంగులో ఎన్ని పువ్వులకి రంగు మిగిలిందో పాఠకులే లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఒక భాగంలో మూడు పువ్వులు మిగిలి ఉండగా, కోట గోడ దాటడానికి రెండు కావాలని అప్పటికే చెప్పి ఉన్నాను. దారిలో బావిలో పడ్డ పిల్లవాడి కోసం ఒకటి వాడింది. ఆ పిల్లవాడికీ కథకీ సంబంధం లేదు. సరిగ్గా రెండు మిగిలాయి కదా, గోడకి సరిపోతాయి కదా అని ఊరుకుంటారనుకుంటే, కామెంట్లలో తిట్లు. "వాపస్ ఎలా వస్తుంది?" అని. గోడ లోపలికి దూకడానికి రెండు అయిపోతే బయటికి రావడానికి ఏమీ ఉండదని నేను ఎక్కడా రాయలేదు. వాళ్ళే లెక్క కట్టుకున్నారు.

ఇక మీ 14 మూలశక్తులు. నోట్‌బుక్‌లో ఉంచుకోండి, పారేయక్కర్లేదు. కానీ పాఠకుడి ముందు మూడు పెట్టండి. పోకెమాన్ గేమ్ 1996లో మొదటిసారి వచ్చినప్పుడే అందులో ప్రాణుల శక్తులు 15 రకాలు ఉన్నాయి. అయినా ఆట మొదట్లో చేతికిచ్చేది మూడింటిలో ఒకటి: నిప్పు, నీరు, గడ్డి. నీళ్ళు నిప్పుని ఆర్పుతాయి, నిప్పు గడ్డిని కాలుస్తుంది, గడ్డి నీటిని పీలుస్తుంది. ఆరేళ్ళ పిల్లాడికి కూడా పాఠం చెప్పక్కర్లేదు. మిగతావి ఒక్కొక్కటే, అవసరం వచ్చినప్పుడు. మీ మొదటి భాగంలో ఒక ముసలాయన 14 శక్తులూ వరసగా వివరించే రెండు పేజీలు ఉన్నాయన్నారు. ఆ రెండు పేజీల్లో మీకే ఎన్ని గుర్తున్నాయో ఒకసారి చూడకుండా రాయండి.

లెవెల్స్ దగ్గరికి వద్దాం, మీ అసలు నొప్పి ఇక్కడే ఉంది. గేమ్ కంపెనీలకి లెవెల్ అంటే ఆడేవాణ్ణి కూర్చోబెట్టే పద్ధతి. పోకెమాన్‌లోనే ఒక వర్గం ప్రాణులకి లెవెల్ ఘనం ఎంతో అన్ని అనుభవ పాయింట్లు కావాలి. 10వ లెవెల్‌కి 1,000, 50వ లెవెల్‌కి 1,25,000, 100వ లెవెల్‌కి 10,00,000. అంటే 50కి చేరినవాడు సగం దూరం వచ్చానని మురిసిపోతాడు కానీ, నిజానికి ఎనిమిదో వంతే నడిచాడు. గేమ్‌లో ఇది బాగానే ఉంటుంది. సీరియల్లో ఆ మిగతా ఏడు వంతులు ఎవరు రాస్తారు, ఎవరు చదువుతారు? రాయలేక మనం "ఆరు నెలల కఠోర సాధన తర్వాత" అని ఒక లైన్ వేసి 50ని 70 చేస్తాం. ఆ లైన్ దగ్గరే పాఠకుడు లెక్క వేయడం మానేస్తాడు. ఎందుకంటే ఈ అంకె కష్టం వల్ల రాలేదు, రచయిత దయ వల్ల వచ్చిందని వాడికి తెలిసిపోయింది.

దీనికి విరుగుడు కూడా గేమ్స్‌లోనే ఉంది. డీ అండ్ డీ ఐదో ఎడిషన్‌లో 1వ లెవెల్ నుంచి 20వ లెవెల్ దాకా నైపుణ్యం ఉన్నందుకు పాచికలో పడిన అంకెకి కలిపేది +2 నుంచి +6 వరకే పెరుగుతుంది. వేసే పాచికకి 20 ముఖాలు. అంటే ఎంత పెద్ద వీరుడైనా పాచిక తిరగబడితే ఓడతాడు, గాబ్లిన్లు అనే పొట్టి రాక్షసులు పది మంది చుట్టుముడితే వీరుడికీ భయమే. అంకెని అణచిపెట్టి, చేయగల పనుల్ని పెంచారు. మీరూ అలాగే చేయండి. లెవెల్ పెరిగితే దెబ్బ పెద్దదవడం కంటే, సమస్య రకం మారడం మంచిది. 34వ లెవెల్లో మీ హీరో నీటి మీద నడవగలిగాడనుకోండి. నిన్నటి దాకా సరిహద్దుగా ఉన్న నది ఇవాళ దారి అయింది. ఆ దారిలో అతనొక్కడే వెళ్ళగలడు, స్నేహితులు గట్టు మీద ఉండిపోవాలి. శక్తి పెరగడంతో పాటు ఒంటరితనమూ పెరిగింది. దీనికి విలన్ లెవెల్ పెంచక్కర్లేదు.

కొన్ని శక్తులు మాత్రం కథని లోపలి నుంచి తినేస్తాయి. చచ్చినవాణ్ణి లేపడం, ఎక్కడికంటే అక్కడికి మాయమై తేలడం, అబద్ధాన్ని పట్టేయడం. మూడోది ఉంటే కుట్ర కథ నడవదు, రెండోది ఉంటే ప్రయాణం ఉండదు, మొదటిది ఉంటే అసలు భయమే ఉండదు. డీ అండ్ డీ నిబంధనల మీద కట్టి, 2023లో వచ్చిన బాల్డర్స్ గేట్ 3 అనే వీడియో గేమ్‌లో లెవెల్స్ 12 దగ్గర ఆగిపోతాయి. డీ అండ్ డీ నిబంధనల్లో 13వ లెవెల్ నుంచి ఏడో తరగతి మంత్రాలు మొదలవుతాయి, టెలిపోర్ట్ అందులోదే, వందేళ్ళ కిందటి శవాన్ని లేపే మంత్రమూ అందులోదే. వాటిని తెస్తే కథ మొత్తం వాటి చుట్టూ మళ్ళీ కట్టాలి.

అయినా పెట్టుకోవాలనుకుంటే, ధర పెట్టి పెట్టండి. అదే డీ అండ్ డీలో మూడో తరగతి మంత్రం ఒకటుంది, రివివిఫై. మనిషి పోయిన నిమిషం లోపు వేయాలి, చేతిలో 300 బంగారు నాణేల విలువ చేసే వజ్రాలు ఉండాలి, మంత్రం పడితే అవి మాయమైపోతాయి. పది రోజుల దాకా లేపే మంత్రానికి 500 నాణేల వజ్రం, వందేళ్ళ దాకా అయితే 1,000 నాణేలది. ఆటలో ఇది చిన్న నిబంధనలా కనిపిస్తుంది, చాలామంది పట్టించుకోరు కూడా. కానీ కథ రాసేవాడికి ఇది గని.

నాకు డ్రాఫ్ట్ పంపిన ఒక కుర్రాడు, రాయలసీమవాడు, ఈ నిబంధనని దాదాపు ఇలాగే వాడుకున్నాడు. హీరో సంచిలో ఎప్పుడూ నాలుగు వజ్రాలు ఉంటాయి, ఎవరు పోయినా లేపేస్తాడు. నేను అడిగింది ఒకటే: ఆ వజ్రాలు ఎక్కడివి? జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు వైపు తొలకరి వానలు పడగానే జనం పొలాల్లో తలలు వంచుకుని ఎలా వెతుకుతారో అతనికి నాకంటే బాగా తెలుసు. సంసారాలతో సహా వచ్చి చెట్ల కింద, గుడుల దగ్గర పడుకుంటారు. ఒక రాయి దొరికిందంటే గంటలో వ్యాపారి దిగుతాడు. ఇప్పుడు ఆ రాయి ఒక ప్రాణంతో సమానం అనుకోండి. పొలం యజమాని ఎవణ్ణి అడుగు పెట్టనిస్తాడు? కూలికి దొరికిన రాయి ఎవరిది? ఆ రాత్రే అతని పిల్ల పాము కరిచి పోతే, నిమిషంలో వాడాలా, అమ్ముకుని అప్పులు తీర్చుకోవాలా? 17వ శతాబ్దంలో కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో 60,000 మంది పనిచేసేవారని తావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి రాశాడు. ఆ లెక్కన అతని కథాలోకంలో 60,000 మంది తమకి దక్కని ప్రాణాల కోసం తవ్వుతుంటారు, రాజుగారు మాత్రం మూడోసారి చచ్చి నాలుగోసారి సింహాసనం ఎక్కుతాడు. ఆ కుర్రాడు హీరో సంచిని ఖాళీ చేసి, కథని ఆ పొలాల్లోకి మార్చాడు. ఇప్పుడు అందులో లెవెల్స్ ఉన్న సంగతే నాకు గుర్తురాదు.

మీ రెండు వందల స్కిల్స్‌లో కనీసం ఒక్కదానికి ఇలా చేసి చూడండి. హీరోకే కాదు, ఊళ్ళో ప్రతి పదిమందిలో ఒకడికి ఆ శక్తి ఉంటే ఎవరి వ్యాపారం మూతపడుతుంది, ఎవరు కొత్తగా బాగుపడతారు, పోలీసులకి ఏం టెన్షన్ వస్తుంది? మీ లోకంలో గాయాన్ని తాకి మాన్పేవాళ్ళున్నారు, అయినా ఆసుపత్రులు మన ఊళ్ళో ఉన్నట్టే ఉన్నాయి. ఎందుకున్నాయి?

స్టేటస్ విండో గురించి చాలామంది అడుగుతుంటారు. బలం 47, చురుకుదనం 39, తెలివి 52 అంటూ భాగానికోసారి పట్టిక వేయాలా అని. చదివేవాడు కన్ను జార్చి కిందికి పోతాడు, నష్టం లేదు. కానీ మీరు ఆడియోకి కూడా ఇస్తానన్నారు. అక్కడ పాపం చదివే గొంతు ఆ పట్టికని ఒకటిన్నర నిమిషం పాటు అప్పజెప్పాలి. వంట చేస్తూనో బస్సులో నిలబడో వినేవాళ్ళు ముందుకి జరిపేస్తారు, జరిపినప్పుడు దాని తర్వాతి డైలాగ్ కూడా పోతుంది. నా పద్ధతి చెప్తాను: భాగానికి ఒక అంకె, రెండు మించితే ఎక్కువ. అదీ ఆ భాగంలో తీసుకోవాల్సిన నిర్ణయానికి పనికొచ్చే అంకె. మిగతా పట్టిక నా ఫైల్లో ఉంటుంది.

ఆ ఫైల్ గురించి కూడా ఒక మాట. నేను రాసుకునేది హీరో బలం ఎంత అని కాదు. ఏ నిబంధన ఏ భాగంలో పాఠకుడికి తెలిసింది, మాటల్లో చెప్పానా, జరిగి చూపించానా అని. గొడవని తేల్చే నిబంధన ఏదైనా సరే, అంతకు ముందు కనీసం ఒకసారి చిన్న పనిలో జరిగి చూపించి ఉండాలి. కోటని కూల్చే మంత్రం అంతకు ముందు ఎక్కడో పొయ్యి రాజేసి ఉండాలి. మీ 38వ భాగంలో హీరో అప్పటికప్పుడు "దాగి ఉన్న డ్రాగన్ రక్తం" మేలుకుని గెలిచాడు. పాఠకులు మిమ్మల్ని వదిలేయడం మొదలైంది అక్కడే అని నా అనుమానం, ఆ తర్వాతి రెండు భాగాల కామెంట్లు ఒకసారి చూసుకోండి.

నిబంధనలు కచ్చితంగా ఉండటం వల్ల ఇంకో లాభం ఉంది, లొసుగులు. మన జనానికి ఇది బాగా ఎక్కుతుంది. హిరణ్యకశిపుడి వరం చిన్నప్పుడు విన్నవాళ్ళం. పగలు చావకూడదు, రాత్రి చావకూడదు, ఇంట్లో కాదు, బయట కాదు, మనిషి చేతిలో కాదు, జంతువు చేతిలో కాదు, ఆయుధంతో కాదు, నేల మీద కాదు, ఆకాశంలో కాదు. ఒక్కొక్కటి చెప్తుంటే వినే పిల్లాడు వేళ్ళు మడుస్తాడు. సాయంసంధ్యలో, గడప మీద, నరసింహుడు తొడ మీద వేసుకుని గోళ్ళతో చీలిస్తే, మడిచిన ప్రతి వేలూ విప్పుకుంటుంది. వరం అబద్ధం కాలేదు, అలా అని పనిచేయనూ లేదు. మీ లోకంలో ఇలాంటి ఒక పెద్ద నిబంధనని ముందే, అందరికీ వినపడేలా చెప్పేసి, దాని సందు చివరికి దాచుకోండి. కామెంట్లలో ఎవరో ఒకరు ముందే కనిపెడతారు. కనిపెడితే కంగారుపడి మార్చొద్దు. వాళ్ళు మీ కథకి వదలని పాఠకులు అవుతారు.

అన్నిటికీ నిబంధనలు చెప్పాలా అంటే, అక్కర్లేదు. హీరో వాడి గెలిచే ప్రతిదానికీ చెప్పాలి. అతన్ని ఇబ్బంది పెట్టే వాటికి చెప్పకపోయినా నడుస్తుంది. అడవిలో ఉన్న పాత దేవత ఏం చేయగలదో ఎవరికీ తెలియకపోతే భయం పెరుగుతుంది. అదే దేవత 40వ భాగంలో వచ్చి హీరోని కాపాడితే మోసం అనిపిస్తుంది.

వచ్చేసిన 40 భాగాల్ని ఏం చేయాలి? వాటిని వెనక్కి వెళ్ళి దిద్దకండి, చదివేసినవాళ్ళకి ఒళ్ళు మండుతుంది. నిబంధన మార్చొద్దు, ఇన్నాళ్ళూ రాని బిల్లు ఇప్పుడు పంపండి. మీ హీరో గాయాల్ని తాకి మాన్పుతాడు. ఇప్పటిదాకా ఉచితంగానే. కానీ అతను ఈ లోకంలోకి యాక్సిడెంట్ అయి వచ్చాడు కదా, అసలు ఒళ్ళు బయట ఆసుపత్రి మంచం మీద ఉండి ఉంటుంది. ఇక్కడ మాన్పిన ప్రతి గాయం అక్కడ తేలుతోందనుకోండి. తల్లి పక్కన కూర్చుని చూస్తోంది, కోమాలో ఉన్న కొడుకు పక్కటెముకల మీద రాత్రికి రాత్రి కత్తిగాటు ఎలా పడిందో డాక్టర్లు చెప్పలేకపోతున్నారు. పాత భాగాల్లో రాసినదేదీ దీనికి అడ్డురాదు. పైగా మొదటి భాగాల్లో మాన్పిన ప్రతిసారీ అతనికి అమ్మ గొంతు వినపడుతుందని మీరే ఊరికే రాశారు, అది ఇప్పుడు ఆధారంలా మారుతుంది. 41వ భాగం నుంచి అతను ఎవరి మీద చెయ్యి వేసినా పాఠకుడు అవతల మంచం వైపు చూస్తాడు. మీ పాత భాగాలు తిరగేస్తే ఇలాంటి వదిలేసిన లైన్లు ఇంకా దొరుకుతాయి, వాటి మీదే కట్టండి. ఇది నచ్చకపోతే వేరే ధర పెట్టుకోండి, కానీ హీరోకి బాగా ఇష్టమైనదాంట్లోంచి కోత పడాలి. ఊరికే తలనొప్పి, ముక్కులోంచి రక్తం లాంటివి పెట్టకండి, రెండు భాగాల తర్వాత అవి ఎవరికీ ఆనవు.

చివర్లో మీరు అడిగిన చిన్న ప్రశ్న, 90వ లెవెల్ పరిమితి అలాగే ఉంచాలా అని. హీరో ఇప్పుడు 34లో ఉన్నాడు, ఇంకో వంద భాగాలు రాస్తానన్నారు. వంద భాగాల్లో నిజంగా పెద్ద మలుపులు ఆరేడు మించి రావు, కాబట్టి మీకు కావాల్సినవి ఆరేడు లెవెల్సే. 90 అని ముందే ప్రకటించేశారు, దాన్ని కదపకండి. ఈ లోకంలో 40 దాటినవాడు ఒక్కడూ ఎందుకు కనపడడు అని వచ్చే భాగంలోనే సత్రం నడిపే ఆవిడ చేత మామూలుగా, అన్నం వడ్డిస్తూ అడిగించండి. జవాబు మీ దగ్గర ఉండాలి. హీరో 39కి వచ్చేదాకా పాఠకుడికి చెప్పక్కర్లేదు.